శాలువాలు వద్దు, బొమ్మ ఇటుకల పెట్టె తెండి

మన గుమ్మఘట్ట పల్లెల్లోకి బోరు బండి వచ్చిందంటే పిల్లలందరం చుట్టూ చేరేవాళ్ళం. నీళ్ళు పడతాయో లేదోనని నాయనకు దిగులు. ఆ రాడ్డు ఎట్లా తిరుగుతోందోనని మనకు ఆరాటం. ఆ ఆరాటానికి హాస్టల్లో కాస్త చోటుండాలన్నది మా అభిప్రాయం.

డెన్మార్కుకు చెందిన లెగో కంపెనీ 2019లో లీభెర్ ఆర్ 9800 ఎక్స్‌కవేటర్ నమూనాను తెచ్చింది. అందులో 4,108 ముక్కలు! అంత పెద్ద పెట్టె మనకు అక్కర్లేదు. అగ్గిపెట్టెలు, అట్టముక్కలు, సిరంజిలు, సన్న పైపులతో మేమూ జేసీబీ చేశాం. సిరంజిల్లో నీళ్ళు నింపి నొక్కితే మొదట తొండం లేవలేదు. చూస్తే పైపులో గాలి బుడగ! మన బలమంతా గాలిని నొక్కడానికే పోయింది. బుడగ తీసేశాక లేచింది. చిన్న సిరంజిని నొక్కితే పెద్దది ఎక్కువ బలంతో, తక్కువ దూరం కదిలింది. బట్టీపట్టిన పాస్కల్ సూత్రం ఆ రోజే అర్థమైంది.

మనవాళ్ళు జేసీబీలు నడుపుతున్నారు, సంతోషం. వాటిని తయారుచేసే ఇంజనీర్లూ మనలోంచే రావాలి.

పూర్వ విద్యార్థులారా! వార్షికోత్సవానికి శాలువాలు, మెమెంటోలు వద్దు. బొమ్మ ఇటుకల పెట్టె, స్క్రూడ్రైవర్ల సెట్టు తీసుకురండి. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయకుండా పిల్లల చేతికివ్వాలని పెద్దలకు మా మనవి. ముక్కలు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆరాటం పోతే ఏ అంగట్లోనూ దొరకదు.