అమ్మ కోక జోలె

మొన్న మా ఆఫీసుకి ఒకావిడ చంటిబిడ్డని గుండెకి కట్టుకొని వచ్చింది. మెత్తటి గుడ్డ, భుజాలకి దూది పట్టీలు, నడుముకి బకిలు. అందరూ చుట్టూ మూగారు. "బేబీ వేరింగ్ అంటారండీ దీన్ని. మన పాత సంప్రదాయమేగా" అంది. ధర అడిగాను. చెప్పింది. మా అమ్మ ఒక కారు నాట్లన్నీ వేసినా అంత కూలి కళ్ల చూసి ఉండదు.

ఆ 'మన' దగ్గరే నాకు పేచీ. ఎవరి సంప్రదాయం తల్లీ అది?

మాది కృష్ణా డెల్టాలో ఓ మాదిగ గూడెం. అమ్మ పాత కోకని రెండు మడతలేసి, కుడిభుజం మీద ముడేసి, ఎడంతుంటి దాకా దించేది. ఆ జోలెలో తమ్ముడు కాళ్లు ఎడంగా పెట్టి కూచునేవాడు. "మోకాళ్లు పిర్రల కంటే పైకుండాలే, కాళ్లు యాలాడకూడదు. గడ్డం రొమ్ముకి ఆనగూడదు, ముక్కు మీద గుడ్డ పడగూడదు" అని నాకు చెప్పేది. ఆమెకి అక్షరం ముక్క రాదు. సంచీ జోలెల్లో నాలుగు నెలల్లోపు బిడ్డలకి ఊపిరాడక పోయే ప్రమాదం ఉందని అమెరికా ప్రభుత్వ సంస్థ హెచ్చరించింది 2010లో. మా అమ్మ ఆ మాట ఎప్పుడో చేనిగట్టు మీద చెప్పింది.

1960లలో ఆన్ మూర్ అనే అమెరికా నర్సు పశ్చిమాఫ్రికాలోని టోగో వెళ్లింది. అక్కడి తల్లులు బిడ్డల్ని వీపుకి కట్టుకొని పనులు చేసుకోవడం చూసి, ఇంటికొచ్చి అలాంటిది కుట్టించింది. 1969లో పేటెంటు వచ్చింది. ఎక్కడ చూసి నేర్చుకుందో ఆమె దాచలేదు. ఆమెని తిట్టను. కానీ ఆ కాయితం మీద టోగో తల్లి పేరు లేదు. చాకిరీ మాది, పేరు మీది. ఇది మాకు కొత్తేం కాదు.

నాటు వంగి వెయ్యాలి. వంగితే చంకన బిడ్డ నిలవడు. వీపున కడితే ఎండంతా వాడి నెత్తినే. అందుకని ఆ కోకే చెట్టుకొమ్మకి ఉయ్యాలయ్యేది. కాలవగట్టున ముళ్లతుమ్మలు తప్ప చెట్టు లేదు. ఒకరోజు అమ్మ ఆసామి కళ్లం దగ్గర వేపచెట్టుకి కట్టింది. "నా చెట్టుకి మాదిగ గుడ్డలు కడతారంటే!" అని ఆసామి కొడవలితో కోక కోశాడు. తమ్ముడు నేలన పడకముందే నేను పట్టుకున్నా. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

మర్నాటి నించీ నేనే వాడి జోలె. రెండేళ్లు బడి మొహం చూళ్లేదు. పాలివ్వడానికి అమ్మ గట్టెక్కితే మునుం వెనకబడిందని మేస్త్రి కూలి కోసేవాడు. బిడ్డ ఆకలికి కూడా మేమే డబ్బు కట్టాం.

చట్టాలు లేవా అంటారు. 1961లో ప్రసూతి చట్టం వచ్చింది. 2017లో సెలవు 26 వారాలు చేశారు. యాభైమంది పనిచేసే చోట శిశుగృహం పెట్టాలన్నారు. మంచిదే. కానీ వందమంది ఆడాళ్లు చేలో వంగినా మేస్త్రి కింద రోజుకూలీకి ఆ సెలవేది, ఆ గృహమేది? 2005 ఉపాధి హామీ చట్టంలో, ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే చూడ్డానికి ఒకామెని పెట్టాలని రాశారు. మా వదిన మట్టి మోసిన చోట ఆ ఒకామె ఒక్కరోజూ కనపడలేదు.

జోలె మీద నాకు కోపం లేదు. కట్టుకోండి. తల్లి ఒంటి వెచ్చదనం ఏ బిడ్డకైనా కావాలి. కానీ మీకది ఇష్టం, మాకది గతిలేనితనం. మీరు విప్పితే పక్కన ఊయలుంది, ఆయా ఉంది, అత్తగారుంది. మా అమ్మ విప్పితే బిడ్డని పెట్టడానికి చెట్టునీడ కూడా లేదు. మేం అడిగేది సంప్రదాయానికి మెప్పు కాదు. చేను దగ్గర నీడ, పిల్లల్ని చూసే మనిషి, పాలిచ్చే సేపటికి కోతపడని కూలి. తొమ్మిదేళ్ల పిల్ల చంకలో తమ్ముడు కాదు, పుస్తకాల సంచీ ఉండాలి.

అమ్మ కోక ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఒక అంచున కొడవలి కోత ఉంది. 'మన సంప్రదాయం' అనే వాళ్లు ముందు వచ్చి ఆ కోత చూడండి.