చిట్టా మన చేతికి రావాలంటే

మేం పరిశోధన పని మీద తిరిగిన ఒక మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ షాపు ఉంది. నడిపేది డిగ్రీ చదివిన మాదిగ యువకుడు. డిజైను తన దగ్గర చేసి, ప్రింటు పట్నంలో వేయించి తెస్తాడు. సొంత మిషను కొనుక్కుంటానని ముద్ర రుణానికి వెళ్తే, బ్యాంకులో మూడేళ్ల లెక్కలు చూపించమన్నారు. లెక్కలు లేక కాదు. సగం చిత్తు నోటుబుక్కుల్లో ఉన్నాయి, మిగతా సగం ఫోనులోని ఒక ఉచిత ఖాతా యాప్‌లో ఉండేవి. ఆ ఫోను పోయింది. కొత్త ఫోనులో పాత నంబరు లేక యాప్ తెరుచుకోలేదు. "అన్నా, నా యాపారం నాకే చూపించడం లేదు" అన్నాడు.

దళితుల వ్యాపారం గురించి మన దగ్గర చర్చ ఎప్పుడూ పెట్టుబడి దగ్గరే ఆగిపోతోంది. 2016లో స్టాండప్ ఇండియా వచ్చింది, 10 లక్షల నుంచి కోటి దాకా రుణం అన్నారు. 2021లో తెలంగాణలో దళితబంధు వచ్చింది, కుటుంబానికి 10 లక్షలు అన్నారు. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది పెద్ద ప్రశ్నే. కానీ అందినవాళ్లు మర్నాటి నుంచి లెక్క ఎలా రాసుకోవాలన్నది ఎవరూ మాట్లాడలేదు. ట్రాక్టరు ఇచ్చారు, చిట్టా రాయడం మాత్రం నేర్పలేదు.

చిట్టా, ఆవర్జా మన పల్లెల్లో ఎవరి చేతుల్లో ఉండేవో అందరికీ తెలుసు. భూమి లెక్క కరణం దగ్గర, పట్వారీ దగ్గర. అప్పు లెక్క షావుకారు దగ్గర. మన తాతలకు ఆ పుస్తకంలో దక్కింది వేలిముద్ర వేసే చోటు. నాగు వడ్డీ ఎంత పెరిగిందో పద్దు రాసినవాడు చెబితేనే తెలిసేది. ఇప్పుడు పుస్తకం పోయి యాప్ వచ్చింది. అది మన ఫోనులో కనిపిస్తుంది, కానీ లెక్క ఉండేది కంపెనీ సర్వర్‌లో. రేపు రుసుం పెట్టినా, యాప్ ఎత్తేసినా అడిగే దారి లేదు. ఆ లెక్కలు చూసి అప్పు ఇస్తామని వచ్చే ఫోన్ల సంగతి సరే సరి.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న మాటకు రెండర్థాలుండి గందరగోళం చేస్తుంది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. (ఉచితాలు అనే మాటను మన మీద తిట్టుగా వాడేవాళ్లకు కూడా ఈ తేడా తెలిస్తే బాగుండు.) ఆ ఖాతా యాప్ ఉచితం. లిబ్రేఆఫీస్, గ్నూక్యాష్ లాంటివి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్: వాడుకోవచ్చు, పంచుకోవచ్చు, తెలిసినవాళ్లు మార్చుకోవచ్చు. అన్నిటికీ మించి మన ఫైలు మన కంప్యూటర్‌లో ఉంటుంది. హైదరాబాద్ కేంద్రంగా 'స్వేచ్ఛ' అనే సంస్థ ఇదే మాటను పేరుగా పెట్టుకుని ఏళ్లుగా పనిచేస్తోంది. బెంగళూరులో ఒక మురికివాడలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అంబేడ్కర్ పేరుతో కంప్యూటర్ కేంద్రం పెట్టి పిల్లలకు లినక్స్, గింప్ నేర్పారు. మన వాడల్లో ఇలాంటివి ఇంకా ఎన్నో రావాల్సింది.

ఆ షాపులో మేం మొదలుపెట్టింది గ్నూక్యాష్‌తో కాదు. అది జంట పద్దుల పద్ధతి, మంచిదే, కానీ అలవాటు కావడానికి నెల పడుతుంది. పైగా మన జీఎస్టీ రిటర్నుల కోసం చేసింది కాదు. లిబ్రేఆఫీస్ కాల్క్‌లో ఒక్క షీటు చాలు. తేదీ, ఎవరు, ఏం పని, ఎంత, ఎంత వచ్చింది, బాకీ. ఒక బేరానికి ఒక వరుస. చాయ్ ఖర్చు కూడా రాయాలి. ఇంటి ఖర్చు, షాపు ఖర్చు ఒకే గల్లాపెట్టెలోంచి పోతాయి కాబట్టి 'ఇల్లు' అని ఇంకో గడి. నెలాఖరున పీడీఎఫ్ తీసి, ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి, ఆ పెన్‌డ్రైవ్‌ను ఇంటికి. షాపులోనే పెడితే దొంగ వచ్చినా, వాన వచ్చినా రెండూ కలిసే పోతాయి.

ఇక ఆయన కంప్యూటర్‌లో ఉన్న క్రాక్ సాఫ్ట్‌వేర్ సంగతి. డీటీపీ, ఫ్లెక్సీ షాపుల్లో ఇది మామూలే, ఎవరూ తప్పనుకోరు. కాపీరైట్ చట్టంలో 63బి సెక్షను ఒకటుంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రాం వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం వాడనివాళ్లకు జైలు తప్పించే వెసులుబాటు అందులోనే ఉంది, షాపు నడిపేవాళ్లకు అది వర్తించదు. పక్క షాపువాడికి గిట్టక ఫిర్యాదు పెట్టినా, ఎవరైనా బెదిరించి వసూలు చేసినా ముందు లొంగాల్సి వచ్చేది వెనక మనిషి లేనివాళ్లే. డిజైనుకు ఇంక్‌స్కేప్, పుస్తకాలు, కరపత్రాలకు స్క్రైబస్ ఉన్నాయి. ఇంక్‌స్కేప్ ప్రింటు రంగుల విషయంలో బలహీనం, స్క్రైబస్ ఆ పని మెరుగ్గా చేస్తుంది. మండలి, రామభద్ర, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సులోనే దొరుకుతాయి. పాత పద్ధతి ఫాంట్లలో చేసిన పని ఫోనులో పంపితే పిచ్చి గీతలయ్యే బాధ కూడా పోతుంది. అలాగని అన్నీ ఒక్కరోజులో మార్చమని చెప్పం. వేలిముద్ర పరికరాలకు, కొన్ని ప్రింటర్లకు విండోస్ డ్రైవర్లే దొరుకుతాయి. అలాంటి చోట విండోస్ కొనుక్కొని దాని మీదే ఇవి వాడటం మేలు. పాత 4 జీబీ కంప్యూటరైతే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ హాయిగా నడుస్తుంది.

ఇంకో చిన్న విషయం, కానీ చిన్నది కాదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే డబ్బు కట్టేవాళ్లకు బ్యాంకులో నమోదైన పేరు కనిపిస్తుంది. మన దగ్గర ఇంటిపేరు చాలు, మిగతాది వాళ్లే లెక్కగట్టుకుంటారు. టిఫిన్ సెంటర్ పెట్టిన ఒక అక్క ఈ కారణంగానే చాలాకాలం నగదే తీసుకుందట. లండన్ చదువు మధ్యలో ఆగి బొంబాయి తిరిగొచ్చిన అంబేడ్కర్ పెట్టుబడుల సలహాల వ్యాపారం పెడితే, ఆయన అంటరానివాడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారని జీవిత చరిత్రలు చెబుతాయి. వందేళ్ల తర్వాత ఆ సమాచారం చేరవేసే పని ఫోను చేస్తోంది. షాపు పేరు మీద కరెంట్ ఖాతా తెరిస్తే షాపు పేరే కనిపిస్తుంది. అందుకు వ్యాపారం ఉందని చూపే రెండు పత్రాలు అడుగుతారు. ఉద్యమ్ సర్టిఫికెట్ అందులో ఒకటిగా చెల్లుతుంది. 2020 జులై నుంచి ఉన్న ఈ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ నంబర్లతో అయిపోతుంది. డబ్బు అడిగే వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు.

ఉద్యమ్ ఫారంలో సామాజిక వర్గం అడుగుతారు. అక్కడ మాత్రం దాచకూడదు. 2012 ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. గల్లా దగ్గర దాచుకోవాల్సిన దాన్నే ఆఫీసులో రాసి చూపాల్సిన పరిస్థితి. ఈ రెంటి మధ్యే మన వ్యాపారం.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఏప్రిల్ 14కు ఫ్లెక్సీ వేయించడానికి ఎలాగూ ఇలాంటి షాపులకే వెళ్తాం. ఒక ఆదివారం ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి రెండు గంటలు కూర్చుంటే లిబ్రేఆఫీస్ ఎక్కించి మొదటి షీటు చేసి ఇవ్వొచ్చు. తర్వాత నెలకోసారి ఫోన్ చేయాలి. మేం మొదటి రెండు షాపుల్లో అది చేయక, వాళ్లు మళ్లీ నోటుబుక్కుకు వెళ్లిపోయారు.

ఫ్లెక్సీ షాపులో నాలుగు నెలల షీటు నిండింది. బాకీ గడిని పెద్ద మొత్తాల వరుసలో పెట్టి చూశాం. సంఘాల బాకీ, పెళ్లిళ్ల బాకీ అడుగున ఉన్నాయి. పై వరుసల్లో ఉన్నవన్నీ ఊరి నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలే. ఎమ్మెస్‌ఎంఈ చట్టం 2006 ప్రకారం ఉద్యమ్ ఉన్న చిన్న ఉత్పత్తిదారుకు, సేవలందించేవారికి కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. దీని మీద ఫిర్యాదు చేయొచ్చు. తేదీలున్న బిల్లులు ఇప్పుడు ఆయన దగ్గర ఉన్నాయి. ఆ నాయకుల్లో ఒకరిది ఆయన షాపున్న స్థలమే. నోటీసు రైటర్‌లో తయారుచేసి పెట్టాడు. ప్రింటు తీయలేదు.