మూడు చక్రముల పాత స్కూటరు



మన వీధులలో వెనుకభాగమున ఇరుప్రక్కల చక్రములు తగిలించిన స్కూటరులను మీరందఱును చూచియే యుందురు. లెక్కింపగా నాలుగు చక్రములున్నను లోకము వానిని మూడు చక్రముల బండ్లనియే పిలుచుచున్నది. కాళ్ళకు పట్టు లేనివారు వానిపై కార్యాలయములకును, బడులకును, అంగళ్ళకును పోయి వచ్చుచుందురు. అట్టి బండి పాతబడి, భాగములు దొరకని స్థితికి వచ్చినప్పుడు ఇంటివారేమి చేయవలెను? ఇది మెకానిక్కుల ప్రశ్నయని తోచవచ్చును. కాని దీనికి సమాధానము తఱచుగా తేలునది ఇంటి వసారాలోనే. అందుచేత ఈ మాసమున దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మన దేశమున తుది పోలియో కేసు 2011 జనవరి 13వ తేదీన పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో కనబడినది. 2014 మార్చి 27వ తేదీన మన దేశమునకు పోలియో లేని దేశమను ధ్రువీకరణము లభించినది. వ్యాధి పోయినది గాని, అంతకు పూర్వము దాని వాతబడిన పిల్లలు నేడు పెద్దవారై మన నడుమనే యున్నారు. వారిలో అనేకులకు స్కూటరే కాళ్ళు.

ఈ కథలో 1984వ సంవత్సరము ముఖ్యమైనది. ఆ యేట కైనెటిక్ హోండా యను స్కూటరు మన దేశమున వెలువడెను. అప్పటికి వాడుకలోనున్న స్కూటరులను కాలితో కిక్కు కొట్టి కదలింపవలెను. ఎడమచేత క్లచ్చి పట్టి గేర్లు త్రిప్పవలెను. వెనుక బ్రేకును కాలితో త్రొక్కవలెను. ఈ క్రొత్తబండికి గేర్లు లేవు. క్లచ్చి పిడి లేదు. బొత్తాము నొక్కినచాలు, ఇంజను మేల్కొనును. పట్టణముల వారి సౌఖ్యమునకై చేసిన ఈ యేర్పాటు కాళ్ళకు సత్తువ లేనివారికి వాకిలి తెఱచినది. ఇరుప్రక్కల చక్రములు వేయించుకొని ఎందఱో దానిని తమ బండిగా మలచుకొనిరి. 1998లో హోండావారు ఆ భాగస్వామ్యమునుండి తొలగిరి. కాలక్రమమున ఆ బండి తయారీయు నిలిచిపోయినది. బండ్లు మాత్రము కొన్ని నేటికిని తిరుగుచున్నవి.

భారతము ఆదిపర్వములోని అనూరుని కథ మీరెఱిగినదే. వినత తొందరపడి గ్రుడ్డును చిదుపగా, తొడలేర్పడక మునుపే పుట్టిన బిడ్డ అతడు. అట్టివానికే సూర్యుని రథసారథ్యము దక్కెను. జాలిపడి అతనిని రథముపై కూర్చుండబెట్టి మఱియొకరు తోలినట్లు కథలో లేదు. పగ్గములు అతని చేతనే యున్నవి. మేము చెప్పదలచినదంతయు ఈ యొక్క మాటలో నిమిడియున్నది.

మా వీధి చివర కుట్టుపని నేర్పు సోదరి యొకతె కలదు. వయస్సు ఏబదికి చేరువైనది. పసితనముననే పోలియో సోకినందున రెండు కాళ్ళకును ఇనుప పట్టీలు కట్టుకొని, చంకకఱ్ఱలతో నడచును. 1996లో తండ్రి ఆమెకొక కైనెటిక్ హోండా కొని, ప్రక్కచక్రములు వేయించి, రెండు బ్రేకులును చేతికి అందునట్లు చేయించి యిచ్చెను. నాటినుండి ఆమె దానిపై ఒక బాలికల వసతిగృహమునకు పోయి కుట్టు నేర్పి వచ్చుచున్నది. గడచిన వేసవిలో ఆ బండి మూలబడినది.

అన్నగారు మంచివారు. "పాత ఇనుమువాని కిచ్చివేయుదము తల్లీ! నేనున్నాను గదా, ఎక్కడికి కావలెనన్నను కారులో దింపెదను" అనిరి. అందులకు ఆమె, "నీవు దింపుదువు అన్నయ్యా! కాని నాకు పోవలెనని తోచిన వేళకు నీకు తీరిక యుండవలెను గదా!" అనెను. ఆ సమయమున మేము అచటనే యుంటిమి. అన్నగారు మాఱు పలుకలేదు. మఱునాడు తమ కుమారుని వెంటబెట్టుకొని తామే మెకానిక్కు నొద్దకు పోయిరి.

బండిలో లోపములు మూడు తేలినవి. బొత్తాము నొక్కిన ఇంజను కదలదు, మిట్ట ఎక్కలేదు, ప్రక్కచక్రములను మోయు ఇనుప చట్రము త్రుప్పుపట్టి ఒకచోట బీటలిచ్చినది. మొదటి మెకానిక్కు, "కిక్కు కొడితే స్టార్టవుతోంది గదమ్మా, బండికేం లోపం లేదు" అనెను. కాళ్ళున్నవారి విషయమున ఆ మాట నిజమే. ఆమెకు మాత్రము బొత్తాము పని చేయనినాడు బండి లేనట్లే. ఎవరో వచ్చి కిక్కు కొట్టువఱకు దానిపై కూర్చుండి యెదురుచూడవలసినదే. ఏ మరమ్మతు ముందు, ఏది వెనుక యన్నది నడపువారి శరీరమును బట్టి నిర్ణయింపవలెనే గాని మెకానిక్కు అలవాటును బట్టి కాదు.

స్టార్టరు మోటారును విప్పి చూడగా లోపలి కార్బను బ్రష్షులు అరిగి మొండిగా నున్నవి. ఇవి బొగ్గుతో చేసిన చిన్న దిమ్మలు. తిరుగుచున్న భాగమునకు విద్యుత్తు నందించును. అసలు కంపెనీ బ్రష్షులు దొరకకున్నను, కొంచెము పెద్దవి తెచ్చి, గరుకు కాగితముపై రుద్ది సరియైన కొలతకు తేవచ్చును. వారట్లే చేయించిరి. వెల స్వల్పము, ఫలము గొప్పది.

మిట్ట ఎక్కకుండుటకు కారణము వేఱు. గేర్లు లేని ఈ బండ్లలో రెండు కప్పీలును, వానిని చుట్టి యొక బెల్టును ఉండును. ముందు కప్పీలోని చిన్న రోలర్లు వేగము హెచ్చినకొలది వెలుపలికి జరిగి, కప్పీ రేకులను దగ్గఱకు త్రోయును. రోలర్లు ఒక ప్రక్క అరిగి చదునైనచో సాఫీగా జరుగవు. బెల్టు అరిగి సన్నబడినచో జారును. పాత బెల్టును, పాత రోలరును సంచిలో వేసికొని పోయి, పొడవు, వెడల్పు, మందము, బరువు సరిచూపించి కొనవలెను. "ఇదే మోడలుదండీ" యను అంగడివాని మాటకంటె కొలబద్ద మాట నమ్మదగినది. అన్నగారి కుమారుడు మొదట ఒక అంగడిలో పేరు చెప్పి కొన్న బెల్టు వెడల్పు చాలక తిరిగి యిచ్చివేయవలసి వచ్చెను. పిదప విజయవాడ ఆటోనగరులో పాతది చూపి కొలిపించి తెచ్చినది సరిగా కూర్చున్నది.

భాగములను వెదకువారు తెలిసికొనదగిన మఱియొక సంగతి గలదు. బేరింగు అంచుపై అంకెలు చెక్కియుండును. 6202 అని యున్నచో లోపలి రంధ్రము 15 మిల్లీమీటర్లు, వెలుపలి కొలత 35, మందము 11. ఈ అంకెలకు బండి పేరుతో పనిలేదు. ఏ యంత్రపు అంగడిలోనైనను అవే అంకెల బేరింగు అదే కొలతతో నుండును. టైరు ప్రక్కన వ్రాసిన అంకెలును అట్టివే. ఆమె బండి టైరు 3.50-10, అదియే పాత బజాజు చేతక్ టైరు కొలత. కావున బండి తయారీ నిలిచినంత మాత్రమున దాని భాగములన్నియు మాయమైనవని నిరాశ పడనక్కఱలేదు.

ఇక ప్రక్కచక్రముల మాట. క్రొత్త చట్రము చేసిన వెల్డింగు పనివాడు బండిని ఒంటరిగా నిలిపి, చూపునకు చదునుగా నుండునట్లు చక్రములను బిగించెను. వీధిలోనికి రాగానే చిన్న గుంట అడ్డుపడినది. ఇరుప్రక్కల చక్రములు గుంట అంచులపై నిలిచినవి. నడుమనున్న అసలు చక్రము గాలిలో వృథాగా తిరుగజొచ్చినది. బండిని నడుపునదియు, వెనుక బ్రేకు పట్టునదియు ఆ నడిమి చక్రమే యని మఱువరాదు. ప్రక్కచక్రములు మిక్కిలి క్రిందికున్నచో నడిమి చక్రమునకు నేలపట్టు పోవును; మిక్కిలి పైకున్నచో బండి ఊగులాడును. అందుచేత నడపువారిని కూర్చుండబెట్టి, చంకకఱ్ఱలును, నిత్యము మోయు సామానును పెట్టి, అప్పుడే ఎత్తు సరిచేయవలెను. రెండవమాఱు ఆమెయే కూర్చుండి, "ఇంకొక్క గీత పైకి" అని చెప్పుచుండగా పనివాడు మరలు బిగించెను.

మా యింటివారు బడిలో గరిమనాభి పాఠము చెప్పునప్పుడు ఈ బండినే ఉదాహరణముగా చూపుదురు. రెండు చక్రముల స్కూటరు మలుపులో లోపలికి ఒరుగును, ఇది ఒరుగలేదు. కావున బరువు మలుపునకు వెలుపలి వైపునకు త్రోయబడును. చక్రముల నడుమ ఎడము తక్కువైనను, వేగము ఎక్కువైనను బోల్తాపడు భయము గలదు. మలుపునకు ముందే వేగము తగ్గింపవలెను. నడపువారు కాలు నేలనాని ఆపలేరు గనుక, వాలులో నిలిపినప్పుడు బ్రేకు పిడిని పట్టియుంచు కొక్కెము తప్పక వేయింపవలెను. వీపునకు ఆనిక, చంకకఱ్ఱలకు గొట్టము, ఇరువైపుల అద్దములు నుండవలెను. ఇవన్నియు అవసరములే గాని అలంకారములు కావు.

చట్టము మాటయు మఱువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మన యిచ్చవచ్చినట్లు మార్చరాదు. అయితే శారీరక వైకల్యము గలవారి వాడుకకై మార్చిన బండిని 2019 నాటి సవరణ ప్రత్యేకముగా గుర్తించినది. మార్పును రవాణా కార్యాలయమున పత్రములో నెక్కించుకొనవలెను. లైసెన్సును దానికి తగినదే యుండవలెను. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. పిదప తనిఖీ చేయించి ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను.

ఏ పాతబండినైనను నిలుపుకొనుమని మేము చెప్పుట లేదు. ప్రక్కచట్రము క్రొత్తది చేయించుకొనవచ్చును. కాని బండి అసలు చాసిస్, ప్రక్కచట్రము బిగించు తావులలో, తినివేయబడినచో దానికి సెలవు చెప్పుటయే మేలు. అప్పుడు క్రొత్త స్కూటరుకు చక్రములు వేయింపవచ్చును. అంతేగాని, కార్బను బ్రష్షు అరిగినదని ఒక మనిషి రాకపోకలనే మాన్పించుట తగదు.

మన ఇండ్ల విషయము కూడ కొంచెము చూచుకొందము. బండి బాగుపడినను గడప యొద్ద నాలుగు మెట్లున్నచో నేమి లాభము? వాలు బాటకు అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు ఉండవలెనని నియమము. అరుగు అడుగున్నర ఎత్తున్నచో 18 అడుగులు కావలెను. చోటు చాలనియెడల వాలును ఒక మలుపు త్రిప్పి కట్టింపవచ్చును. ఇల్లు కట్టుకొనుచున్న సోదరీమణులు ఈ లెక్కను ఇప్పుడే మేస్త్రీతో చెప్పినచో, ముందునాళ్ళలో అది ముసలివారికిని, బాలింతలకును, జారిపడి కాలు విఱిగినవారికిని ఉపకరించును.

మీ యింటగాని, మీ పొరుగునగాని అట్టి బండి మూలబడియున్నచో, అమ్ముట, బాగుచేయుట అను చర్చకు ముందు దానిని నడపువారి నడుగుడు: ఎక్కడికి పోవలెను? ఏ వేళకు పోవలెను? ఏ పని తానే చేసికొనవలెనని యున్నది? సమాధానము విన్నతరువాత మెకానిక్కును పిలువుడు.