హాజిర్ జవాబీ

శివరాత్రి తిరునాళ్లకు కోటప్పకొండ పాదాన విద్యుద్దీపాల ప్రభలు బారులు తీరినప్పుడు, వాటి ముందరి వేదికలపై తెల్లవారేదాకా ఆటపాటలు సాగటం పల్నాటి వారందరూ ఎరిగినదే. ఆ వేదిక నెక్కినవాడు వల్లించిన పాఠాన్ని అప్పజెప్పినంత మాత్రాన సరిపోదు. జనంలోనుంచి ఎవరో ఒక మాట విసురుతారు. తడుముకోకుండా దానికి బదులు చెప్పగలిగినవాడే ఆ రాత్రికి నిలుస్తాడు. ఈ గుణాన్ని ఉర్దూలో హాజిర్ జవాబీ అంటారు, తెలుగులో సమయస్ఫూర్తి అంటాము. రెండు భాషల్లోనూ దానికి గౌరవమే ఉన్నది.

ఇటువంటి వేదికే అమెరికా టెలివిజన్‌లోనూ ఉన్నది. 1954లో టునైట్ షో మొదలైన నాటినుంచి అక్కడ ఇదొక సంప్రదాయమైనది. బల్ల వెనుక ఒక వాచాలుడు కూర్చుంటాడు. పక్క కుర్చీలోకి తారలు వచ్చిపోతుంటారు. ఎదుట ప్రేక్షకులు నవ్వటానికి సిద్ధంగా ఉంటారు. అర్ధరాత్రి కార్యక్రమమని పేరేగాని చిత్రీకరణ చాలావరకు పొద్దుండగానే ముగుస్తుంది. మన తిరునాళ్ల కళాకారుని జాగారం వారికి లేదు!

2005లో న్యూయార్క్‌లోని డేవిడ్ లెటర్‌మన్ కార్యక్రమానికి మన ఐశ్వర్యా రాయ్ వెళ్లింది. గురీందర్ చద్దా తీసిన ‘బ్రైడ్ అండ్ ప్రెజుడీస్’ చిత్రం ఆ దేశంలో విడుదలైన రోజులవి. అక్కడివారికి ఆమె విదేశీ తార. మీరు తల్లిదండ్రులతోనే ఉంటున్నారా అని అడిగాడాయన. అవునన్నది. పెద్దవారైన పిల్లలు అలా ఉండటం మీ దేశంలో మామూలేనా అని మళ్లీ అడిగాడు. మామూలేననీ, అమ్మానాన్నలతో భోజనం చేయటానికి ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవలసిన అవసరం కూడా మాకు లేదనీ ఆమె నవ్వుతూ బదులిచ్చింది. సభ గొల్లుమన్నది.

ఆయన దురుద్దేశంతో అడిగాడని మేము అనము. కాని ఆ ప్రశ్నలో ఒక కొలబద్ద దాగి ఉన్నది. మా పద్ధతి సహజం, మీ పద్ధతికి సంజాయిషీ కావాలి అన్నదే ఆ కొలబద్ద. ఆమె కోపగించలేదు, తల దించుకోలేదు, భారతీయ సంస్కృతి మీద ఉపన్యాసమూ దంచలేదు. అపాయింట్‌మెంట్ అనే మాటను వారి బతుకులోనుంచే తీసుకొని వారికే అప్పగించింది. ఆ జవాబు బలమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. ఎదుటివారి భాష, వారి ఇంటి తీరు ఎరుగనివారికి అది దొరకదు.

ఈ ఉదంతాన్ని అమెరికాపై భారత విజయంగా చెప్పుకొని మురిసేవారితో మాత్రం మేము గొంతు కలపలేము. హైదరాబాదులోనో అంతకంటె దూరాననో ఉద్యోగం చేసే బిడ్డ పండక్కి వస్తాడో రాడోనని ఫోను వైపు చూస్తూ కూర్చునే తల్లులు మన వీధుల్లోనూ ఉన్నారు. చమత్కారంగా ఆ జవాబు మొదటి రకం. సాక్ష్యంగా అంత గట్టిది కాదు.

సమయస్ఫూర్తి పుట్టుకతో వచ్చే వరమని విద్యార్థులు అనుకొంటారు. అది పొరపాటు. అటువంటి కార్యక్రమాల సిబ్బంది అతిథులతో ముందుగానే మాట్లాడి సంభాషణకు దారులు వేసి ఉంచుతారు. మన అవధానంలో అప్రస్తుత ప్రసంగి అడ్డదిడ్డంగా అడిగేదానికి నవ్వుతూ చెప్పే బదులు వెనుక ఎంత చదువు, ఎంత ధారణ ఉన్నవో చూడండి. ఆశుకవితలో మేటి అనిపించుకున్న కొప్పరపు సోదర కవులు మన నరసరావుపేట ప్రాంతపు కొప్పరం వారే. ఇక బుర్రకథ సంగతి చెప్పనే అక్కరలేదు. కథకునికి చెరొక పక్కన ఇద్దరు వంతలు నిలిచి, ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి మాట అందిస్తుంటారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో ఒక పేద ముస్లిం కుటుంబంలో జన్మించిన షేక్ నాజర్ ఆ కళను ఎంత ఎత్తుకు తీసుకొనిపోయారో, ‘పల్నాటి యుద్ధం’ కథను తెలుగువారి నోట ఎలా నిలిపారో పెద్దలను అడగండి. 1986లో పద్మశ్రీ ఆయనను వెదుక్కొంటూ వచ్చింది.

ఇదంతా ఈ పత్రికలో ఎందుకంటే, మా విద్యార్థి ఒకడు ఆ మధ్య ఉద్యోగపు ఇంటర్వ్యూకు వెళ్లాడు. పేరు చూసి, ‘మీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?’ అని అడిగారట. మెచ్చుకోలుగానే అడిగారు. వాడికి నోట మాట రాలేదు. తిరుగుప్రయాణంలో, బస్సు కిటికీలోనుంచి కోటప్పకొండ కనబడినప్పుడు జవాబు తట్టిందట: ‘మీకు నేర్పిన ఇరుగుపొరుగులే మాకూ నేర్పారండీ.’ ఎంత చక్కని జవాబు! రెండు గంటలు ఆలస్యమైనది, అంతే.

ప్రతి ప్రశ్నకూ చమత్కారమే మందని మేము చెప్పటం లేదు. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివిన జాషువాను, తక్కువ కులంవాణ్ణి లోపలికి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. అటువంటి చోట నవ్వించవలసిన బాధ్యత అవమానితునిది కాదు. కాని తెలియక అడిగేవారు, అలవాటుగా అడిగేవారు మన పిల్లలకు నిత్యం ఎదురవుతూనే ఉంటారు. వారి ముందు మౌనం వల్ల కలిగే నష్టం మనకే.

కళాశాల కమిటీ వారికి మా విన్నపం ఒక్కటే. ఏటా వక్తృత్వపు పోటీలలో, ఎవరో రాసిచ్చిన ఉపన్యాసాన్ని కంఠస్థం చేసిన వారికే కప్పులు ఇస్తున్నాము. వచ్చే వార్షికోత్సవాన ఆ పోటీని ఆపి, ఒక పూట బల్ల ముందు ఒక కుర్చీ వేయించండి. ఉర్దూలో అడిగినదానికి తెలుగులో, తెలుగులో అడిగినదానికి ఉర్దూలో విద్యార్థులు బదులు చెప్పాలి. ఆడపిల్లలను ముందు కూర్చోబెట్టండి. ఇళ్లలో వారికి ఈ అభ్యాసం చాలినంత ఉన్నదని మా అనుమానం. మొదటి ప్రశ్న మేమే వేస్తాము: ‘మీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?’