పడి లేచిన బండి

మొదటి జీతం చేతికందిన కుర్రాడు స్పోర్ట్స్ బైక్ కావాలంటే నాకు ముచ్చటగానే ఉంటుంది. 2003లో హీరో హోండా కరిజ్మా వచ్చినప్పుడు మా తరం కుర్రకారు దాన్ని షోరూం అద్దాల బయటి నుంచే చూసి తృప్తిపడింది. 2008లో యమహా ఆర్15 దిగింది. నూట యాభై సీసీ ఇంజిన్‌కి లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు, ట్యాంకు మీదికి వంగి కూర్చునే తీరు. టీవీలో రేసుల్లో చూసిన రూపం మన వీధిలోకి వచ్చేసింది. తర్వాత 2014లో కేటీఎం ఆర్‌సీ 200, ఆర్‌సీ 390 వచ్చాయి. 2015లో పల్సర్ ఆర్ఎస్ 200, 2017 చివర్లో టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310. ఇవన్నీ ఇప్పుడు ఒకటో రెండో చేతులు మారి, కొత్తది కొనలేని ఇంటికి కూడా అందే ధరకి దిగాయి.

ఇంట్లో జరిగేది అందరికీ తెలిసిందే. నాన్న వద్దంటాడు, అమ్మ దిగులు పడుతుంది. వాడు నాలుగు రోజులు అలిగి, చివరికి స్నేహితుల్ని వెంటేసుకుని వెళ్తాడు. ట్యాంకు మీద స్టిక్కరు చూసి, సైలెన్సర్ మోత విని, బేరమాడి కొనుక్కొస్తాడు. ఆ స్నేహితుల్లో ఒక్కడికీ బండి కిందికి వంగి చూసే అలవాటు ఉండదు. వద్దనడం కంటే "పద, నేనూ వస్తాను" అనడం వెయ్యి రెట్లు మేలని నా నమ్మకం. వెళ్లాక ఏం చూడాలన్నదే ఈ వారం నేను చెప్పదలచుకున్నది.

స్ప్లెండరో యూనికార్నో కొనేవాడు మైలేజీ అడుగుతాడు, పొగ వస్తుందేమో చూస్తాడు. ఆ బండికి అది చాలు. స్పోర్ట్స్ బైక్ దగ్గర మొదటి ప్రశ్న వేరు. ఇది పడ్డ బండా? పడితే ఎంత గట్టిగా పడింది? కుర్రాళ్లు కొనే బండి, వేగం కోసం కొనే బండి, చాలాసార్లు నేర్చుకునే వయసులో నడిపిన బండి. కాబట్టి ఎక్కడో ఒకచోట కింద పడే ఉంటుందని అనుకునే వెళ్లాలి. పైగా చుట్టూ ప్లాస్టిక్ ఫేరింగ్. పగిలిన ఫేరింగ్ మార్చేసి రంగు వేస్తే లోపలి గాయం బయటికి తెలియదు. కన్సల్టెన్సీలో మెరిసే బండి గురించి ఆ మెరుపు ఏమీ చెప్పదు.

మా చెల్లెలి కొడుకు వెంట విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. ఆర్15 వెర్షన్ 3, నీలం రంగు, అద్దంలా తుడిచి పెట్టారు. "సింగిల్ హ్యాండ్ సార్, ఇంజిన్ ఓపెన్ చెయ్యలేదు, షోరూం కండిషన్" అన్నాడు కుర్రాడు. మావాడి కళ్లు అప్పటికే తాళంచెవి మీద ఉన్నాయి. నేను హ్యాండిల్‌ని ఎడమ పక్కకి పూర్తిగా తిప్పి, ఫోన్ టార్చి వేసి ఫ్రేమ్ మెడ దగ్గర చూడమన్నాను. హ్యాండిల్ అంతకు మించి తిరగకుండా ఆపే చిన్న ఇనుప ముక్క అక్కడుంటుంది, స్టాపర్ అంటారు. కుడి పక్క స్టాపర్ చెక్కుచెదరకుండా ఉంది. ఎడమ పక్కది నొక్కుకుపోయి, పైన కొత్త నల్లరంగు పూత. "ఇదేంటి మావయ్యా, ఇక్కడొక్కచోటే కొత్త పెయింటు?" అన్నాడు వాడు. కన్సల్టెన్సీ కుర్రాడు వెంటనే అందుకుని, స్టాండు మీద నుంచి ఒరిగింది సార్, అంతే అన్నాడు.

నిలబెట్టిన బండి పక్కకి ఒరిగితే లీవరు వంగుతుంది, హ్యాండిల్ చివర గీరుకుంటుంది, ఫుట్‌రెస్టు మొన అరుగుతుంది. అవి చిన్న దెబ్బలు, వాటిని చూపించి ధర తగ్గించుకోవచ్చు. స్టాపర్ నొక్కుకుపోవాలంటే ముందు చక్రం దేన్నో బలంగా కొట్టి, హ్యాండిల్ విసురుగా ఆ పక్కకి తిరిగి ఉండాలి. అంత దెబ్బ తగిలితే ఫోర్కులు వంగి ఉండొచ్చు, ఫ్రేమ్ మెడ కదిలి ఉండొచ్చు. ఫోర్కులు మార్చుకోవచ్చు. ఫ్రేమ్ వంగిన బండి మాత్రం ఎంత చవకైనా నాకొద్దు. డూమ్ లోపలికి చూస్తే హెడ్‌లైటు బ్రాకెట్‌కి వెల్డింగ్ ముద్ద కూడా కనిపించింది. మావాడికి నేనేం చెప్పాల్సిన పని లేకపోయింది. హెల్మెట్ చేతిలోకి తీసుకుని బయటికి నడిచాడు.

ఇంకో పరీక్ష పాత మెకానిక్కులు చేసేది. బండిని వేరేవాళ్లను నెమ్మదిగా నడపమని, వెనక నిలబడి చూడాలి. రెండు చక్రాలూ ఒకే గీతలో పోవాలి. వెనక చక్రం ఒక పక్కకి జరిగినట్టు కనిపిస్తే చైన్ అడ్జస్ట్‌మెంట్ తేడా అయినా అయుండాలి, ఫ్రేమో స్వింగ్ ఆర్మో వంగి అయినా ఉండాలి. మొదటిది అక్కడికక్కడే సరిచేయించి మళ్లీ చూడొచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టారంటే చల్లటి ఇంజిన్ చేసే చప్పుడు మీకు వినపడకూడదని కావచ్చు, సాయంత్రం వస్తామని చెప్పి మళ్లీ వెళ్లండి. ఫోర్కు రాడ్ల మీద నూనె చెమ్మ ఉంటే సీళ్లు పోయినట్టు. కూలెంట్ తుప్పు రంగులోనో, నూనె తేలుతూనో ఉంటే ఆ బండి జోలికి పోకండి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది, 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా ఐదారేళ్లు దాటిన రబ్బరు మీద వాన రోజున నేనైతే వాలను. సీటు తీసి వైరింగ్ కనెక్టర్లు చూడండి, పచ్చగా చిలుము పట్టి, మూలల్లో సన్నటి ఒండ్రు ఉంటే అది నీళ్లలో మునిగిన బండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని వాహనాలు మునిగాయో మనమంతా చూశాం. అవన్నీ తుక్కు కిందికి పోలేదు.

బండి ఏ సంవత్సరానిది అన్నదానికి ఇంకో విలువ ఉంది. 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. అదే ఆర్15 వెర్షన్ 3లో 2018 బండికి ఏబీఎస్ లేదు, 2019 నుంచి ఉంది. రెండింటి మధ్య ధర తేడా ఉంటే ఆ తేడా కళ్లు మూసుకుని పెట్టండి. ఈ మొత్తం బేరంలో ఎక్కువ పెట్టమని నేను చెప్పేది ఇదొక్కటే.

ఇక కాగితాలు. బండి పడిందా లేదా అన్నది కాగితం కూడా చెబుతుంది, దాన్ని చదివేవాళ్లు తక్కువ. ఇన్సూరెన్స్ పాలసీ తీసి నో క్లెయిమ్ బోనస్ గడి చూడండి. బండి డ్యామేజీకి కూడా వర్తించే పాలసీ ఉండి, క్లెయిమ్ లేకుండా ఏటా రెన్యూవల్ అయితే బోనస్ 20, 25, 35, 45, 50 శాతం అని మెట్లెక్కుతూ పోతుంది. నాలుగేళ్ల బండికి అది సున్నా అని ఉంటే ఎందుకని అడగాలి. క్లెయిమ్ అయిందా? మధ్యలో పాలసీ తెగిందా? బండి చేతులు మారిందా? బోనస్ బండితో రాదు, అమ్మినవాడి దగ్గరే ఉండిపోతుంది. అందుకే "సింగిల్ హ్యాండ్" అన్నవాడి మాట నిజమో కాదో కూడా ఆ గడిలో కొంత దొరుకుతుంది.

సి బుక్కులో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీదున్నవాటితో అంకె అంకె సరిపోవాలి. ఫైనాన్స్ ఉంటే కంపెనీ ఇచ్చిన ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. చలాన్లు అమ్మేవాడే కట్టాలి. వేరే రాష్ట్రం బండి చవగ్గా వస్తుందని ఎగబడకండి. ఎన్ఓసీ తేవడం, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టడం, కొత్త నంబరు వేయించడం లెక్కేస్తే ఆ చవక చాలావరకు కరిగిపోతుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఖాళీ సంతకాల అలవాటు. అమ్మేవాడు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, తేదీ వేయకుండా ఇచ్చేస్తాడు. కొన్నవాడు ఆరు నెలలు నడిపి, అవే కాగితాలతో ఇంకొకరికి అమ్ముతాడు. పేరు మాత్రం మొదటివాడిదే. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. వాహనం ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వాళ్లదే. అమ్మేసి మర్చిపోయిన బండి ఎక్కడో ఎవరినో గుద్దితే కోర్టు మెట్లెక్కేది అమ్మినవాడు. కొన్నవాడికీ క్షేమం లేదు. థర్డ్ పార్టీ కవర్ చట్టం ప్రకారం అతనికి వర్తిస్తుంది గానీ, తన బండి పాడైతే డబ్బు రావాలంటే పాలసీ తన పేరుకి మారాలి. దానికి పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. అందుకని నా సలహా, ఆర్టీఏ స్లాటు బుక్ అయ్యేదాకా మొత్తం డబ్బు చేతిలో పెట్టొద్దు.

డబ్బు సంగతికొస్తే, చేతిలో లక్షన్నర ఉంటే లక్షన్నర బండి చూడకండి. ఆ డబ్బుకి రెండు మూడు చేతులు మారిన ఆర్‌సీ 390 రావొచ్చు, శుభ్రంగా వాడిన ఆర్15 కూడా రావొచ్చు, మిగులుతోసహా. నేను కళ్లకద్దుకుని రెండోదే తీసుకుంటాను. పెద్ద ఇంజిన్ బండి కొన్న మరుసటి నెలే టైర్లు, చైన్ స్ప్రాకెట్, బ్రేక్ ప్యాడ్లు అంటూ ఖర్చు మొదలవుతుంది, ఆర్‌సీ 390 వెనక టైరే 150 సెక్షన్. ఆ ఖర్చు పెట్టలేక అరిగిన టైర్లతోనే తిరిగేవాళ్లను చూస్తుంటే భయమేస్తుంది. బేరమాడటానికి ఒక కారణం కూడా దొరికింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు కొత్త బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. కొత్తది అంత దిగినప్పుడు పాతదానికి నిరుటి రేటు చెబితే ఒప్పుకోనక్కర్లేదు.

మిగిల్చిన డబ్బులో మొదటి ఖర్చు ఐఎస్ఐ మార్కు ఉన్న మంచి ఫుల్‌ఫేస్ హెల్మెట్. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీదున్నవాళ్లు. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. ఇవి కేంద్రప్రభుత్వ లెక్కలే. 2021 సెప్టెంబరులో నటుడు సాయి ధరమ్ తేజ్ హైదరాబాద్‌లో స్పోర్ట్స్ బైక్ మీద వెళ్తూ ఇసుకలో జారిపడ్డప్పుడు తలకి హెల్మెట్ ఉంది. ఆయన కోలుకుని మళ్లీ తెర మీదికి వచ్చారు.

కొనేవాడి జాగ్రత్త గురించే ఇంతసేపూ చెప్పాను, అది న్యాయం కాదు. అమ్మేచోటికి కూడా చట్టం ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం పాత బండ్లు అమ్మే డీలరు రవాణా శాఖ నుంచి అధీకృత సర్టిఫికెట్ తీసుకోవాలి. బండి తన దగ్గరికి వచ్చినప్పుడు యజమాని ఫారం 29సి కింద తెలియజేయాలి, అప్పటి నుంచి ఆ బండికి డీలరే యజమాని లెక్క. ఖాళీ సంతకాల కాగితాలతో నడిచే వ్యాపారాన్ని ఆపడానికే ఈ నిబంధన పెట్టారు. నేను తిరిగిన కన్సల్టెన్సీల్లో ఆ సర్టిఫికెట్ చూపించమంటే నా వైపు వింతగా చూశారు. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలూ దీన్ని గట్టిగా పట్టుకోవాలి. ప్రతి కన్సల్టెన్సీ గోడ మీదా ఆ కాగితం కనబడేలా చేస్తే, పేరు మారకుండా తిరిగే బండ్లు సగానికి సగం తగ్గుతాయని నా నమ్మకం.

ఇంకో పని ఇన్సూరెన్స్ కంపెనీలు, ప్రభుత్వం కలిసి చెయ్యాల్సింది. బండి నంబరు కొడితే ఎంత చలానా బాకీ ఉందో ఇవాళ ఎవరికైనా ఫోన్‌లో కనిపిస్తుంది. సిగ్నల్ దాటితే పడిన జరిమానా తెలుస్తుంది గానీ, లారీని గుద్ది నుజ్జయిన సంగతి తెలియదు. అదే నంబరు మీద ఎప్పుడు యాక్సిడెంట్ క్లెయిమ్ అయిందో, ఎంత డబ్బు చెల్లించారో, టోటల్ లాస్ కింద ఎప్పుడు రాసేశారో కూడా కొనేవాడికి కనిపించాలి. యజమాని పేరు అక్కర్లేదు, చిరునామా అక్కర్లేదు. తేదీ, చెల్లించిన మొత్తం చాలు.