తల్లి చేతికి అయిదు షిల్లింగులు



ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా మన పల్లెలలో ఒక మాట వింటూ ఉంటాము. "మంత్రి అయితే ఏమైనా చేస్తాడు గాని, ఉత్త సభ్యుడు ఏం చేయగలడండీ?" అని. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. చట్టసభలో ముందు బెంచీలు మంత్రులవి, పార్టీ పెద్దలవి. వెనుక బెంచీలలో కూర్చునేవారి చేతిలో ఖజానా ఉండదు. వారి సంతకముతో ఏ ఫైలూ కదలదు. ప్రశ్న అడగవచ్చు, బిల్లుకు సవరణ పెట్టవచ్చు, ఓటు వేయవచ్చు. అంతే. ఆ కొద్దిపాటి అధికారముతోనే పదహారేండ్లు పోరాడి, బిడ్డల తల్లి చేతికి వారం వారం డబ్బు అందేటట్లు చేసిన ఒక స్త్రీని గూర్చి ఈ నెల మీకు చెప్పదలచాము. ఆమె ఇంగ్లండు దేశస్థురాలు. పేరు ఎలినార్ రాత్‌బోన్.

1872లో పుట్టిన ఈమెది లివర్‌పూల్ రేవుపట్టణములో పేరున్న వర్తక కుటుంబము. తండ్రి విలియం రాత్‌బోన్ కూడా పార్లమెంటు సభ్యుడే. జబ్బుపడిన పేదవాని ఇంటికే నర్సును పంపే ఏర్పాటును 1859లో ఆ పట్టణములో మొదలుపెట్టినది ఆయనే. వారి పూర్వికులు క్వేకర్లు, తరువాత యూనిటేరియన్లు. త్రిత్వమును ఒప్పుకొనని ఆ బోధతో మనకు పొత్తు కుదరదు. అయితే దెబ్బలు తిని పడియున్న వానికి పొరుగువాడైనది సమరయుడేనని ప్రభువు చెప్పిన ఉపమానము మనకు తెలిసినదే గదా.

లివర్‌పూల్ రేవులో ఓడల సరుకు దించే కూలీలను ఏ పూటకు ఆ పూట పిలుచుకునేవారు. మన పట్టణములలో తెల్లవారగానే అడ్డామీద నిలబడేవారి వలెనే వారును నిలబడేవారు. ఒక వారం నిండా పని, మరు వారం పస్తు. రాత్‌బోన్ గారు ఆ రేవు పనిని పరిశీలించి 1904లో ఒక నివేదిక ప్రచురించారు. అంతటితో ఆగలేదు. ఆ కూలీల ఇండ్లలోని ఆడవారి చేత వారం వారం జమాఖర్చులు వ్రాయించి, 1909లో వాటిని కూడా అచ్చువేయించారు. రొట్టెకెంత, బొగ్గుకెంత, అద్దెకెంత, తాకట్టు కొట్టుకెంత అని. మగవాని కూలి ఎంత అన్నది ఒక లెక్క, అందులో ఇంటికి చేరినది ఎంత అన్నది మరొక లెక్క. ఈ రెండింటికీ మధ్య సారా దుకాణము ఉన్నదని మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

1914లో యుద్ధము వచ్చింది. రేవు కూలీలు చాలమంది సైన్యములో చేరారు. అప్పుడు ఇంగ్లండు ప్రభుత్వము సైనికుల భార్యలకు నేరుగా ఒక భత్యము ఇవ్వసాగింది. బిడ్డలు ఎక్కువైతే ఆ భత్యము పెరుగుతుంది. లివర్‌పూల్‌లో సైనికుల కుటుంబములకు సహాయము చేసే పనిని నడిపించినది రాత్‌బోన్ గారే. ఆ యింటి యజమాని యుద్ధరంగములో ఉన్నాడు, ప్రాణభయము ఉంది. అయినను బిడ్డలు మునుపటి కంటె కడుపునిండ తింటున్నారు! తల్లి తన జీవితములో మొదటిసారి ఫలానా రోజున ఇంత డబ్బు తన చేతికి వస్తుందని ముందుగా తెలిసి సంసారము దిద్దుకుంటున్నది. ఆమె మనస్సులో అప్పుడు నాటుకున్న తలంపు చివరివరకు వదలలేదు.

ఆమె వాదన చాల తేలికగా అర్థమవుతుంది. ఆ రోజులలో యజమానులు, కార్మిక సంఘములు కూడా ఒక లెక్క పట్టుకొని ఉండేవారు. ఒక మగవాని కూలి అతనికి, అతని భార్యకు, ముగ్గురు బిడ్డలకు చాలాలి అని. మంచి లెక్కే. గాని ఎంతమందికి సరిగా ముగ్గురే బిడ్డలు ఉంటారు? పెండ్లికాని యువకునికీ అదే కూలి, ఆరుగురు బిడ్డల తండ్రికీ అదే కూలి. పైగా "మగవానికి సంసారము ఉన్నది" అనే సాకుతో స్త్రీకి తక్కువ కూలి. ఆ స్త్రీ బిడ్డలుగల విధవరాలైనను సరే! కూలి పనికి ఇచ్చేది, కడుపులను లెక్కపెట్టి ఇచ్చేది కాదు. గనుక బిడ్డల పోషణకు కావలసినది కూలితో కలపకుండ వేరుగా రావాలి, అది బిడ్డను పెంచే తల్లి చేతికే రావాలి అని ఆమె చెప్పారు. దీనిమీద 1924లో ఒక పెద్ద గ్రంథమే వ్రాశారు.

ఎదురు మాటలు ఎన్నో వచ్చాయి. కార్మిక సంఘములవారు, ఇలా డబ్బు ఇస్తే యజమానులు కూలి తగ్గిస్తారని భయపడ్డారు. ఆ భయము అర్థము లేనిది కాదు. తండ్రులు సోమరులవుతారని కొందరు, పేదలు ఇంకా ఎక్కువమందిని కంటారని మరికొందరు అన్నారు. ఈ చివరి రెండు మాటలు మన బస్టాండు టీ కొట్ల దగ్గర నేటికీ వినబడుతూనే ఉన్నాయి.

1929లో, 57 ఏండ్ల వయస్సులో, ఆమె పార్లమెంటుకు ఎన్నికయ్యారు. పట్టభద్రులు ఓటువేసే విశ్వవిద్యాలయ స్థానము అది. ఏ పార్టీలోనూ చేరలేదు. 615 మంది సభ్యులుగల ఆ సభలో స్త్రీలు 14 మంది. పార్టీ లేని మనిషికి మంత్రి పదవి రాదు, ఆమె కోరనూ లేదు. మంత్రులను ప్రశ్నలతో వెంటాడేవారు. నిరుద్యోగి బిడ్డకు ఇచ్చే భత్యముతో ఆ బిడ్డకు చాలినంత తిండి పెట్టగలరా? బడిలో భోజనము ఎందరికి అందుతున్నది? 1934లో పిల్లల కనీస అవసరముల కొరకు అనేక సంఘములను ఒక్కచోట కూడగట్టారు. ఆ సంవత్సరము అక్టోబరులో బడిపిల్లలకు అర పెన్నీకి పైంటులో మూడవ వంతు, అంటే సుమారు 190 మిల్లీలీటర్ల పాలు ఇచ్చే పథకము ఇంగ్లండులో మొదలైంది. అది ఆమె ఒక్కరి వలన వచ్చినది అనము, పాల వ్యాపారుల అవసరము కూడా అందులో ఉన్నది. అయినను పాలు పిల్లల కడుపులోకే వెళ్లాయి. భర్త తన ఆస్తి అంతా ఇతరులకు వ్రాసి భార్యాబిడ్డలను వీధిన పడవేయకుండ 1931లో ఆమె ఒక బిల్లు తెచ్చారు. అప్పుడు నెగ్గలేదు. ఆ తలంపే 1938లో చట్టమైంది. హిట్లరు తరిమివేసిన యూదుల పక్షమున ఆమె పడిన పాట్లు వేరే వ్యాసమునకు చాలినన్ని ఉన్నాయి.

1942 డిసెంబరులో బెవరిడ్జి గారి ప్రసిద్ధ నివేదిక వెలువడింది. రాత్‌బోన్ గారి వాదనకు చాలాకాలము క్రితమే ఒప్పుకున్న ఆయన, బిడ్డకు వారానికి 8 షిల్లింగులు ఇవ్వాలని వ్రాశారు. 1945లో ప్రభుత్వము బిల్లు తెచ్చింది. మొదటి బిడ్డకు ఏమీ లేదు, రెండవ బిడ్డ నుండి ఒక్కొక్కరికి 5 షిల్లింగులు. 20 షిల్లింగులు ఒక పౌను గనుక అది పావు పౌను అన్నమాట. సరే, తక్కువైనా వచ్చింది గదా అనుకోవచ్చు. అయితే బిల్లులో ఒక మెలిక ఉన్నది. తల్లి వెళ్లి డబ్బు తెచ్చుకోవచ్చు గాని చట్టరీత్యా ఆ డబ్బు తండ్రిది!

ఇరవై ఏండ్లకు పైగా ఎదురుచూచిన బిల్లు అది. ఆమెకు అప్పటికి 72 ఏండ్లు, ఆరోగ్యము అంతంత మాత్రము. మనలో ఎవరమైనా ఏమంటాము? "ముందు బిల్లు పాసు కానివ్వండి, తరువాత చూచుకుందాము" అంటాము. మార్చి నెలలో సభలో లేచి, ఈ మాట ఇలాగే ఉంచితే నేనే ఈ బిల్లుకు వ్యతిరేకముగా ఓటు వేస్తానని ఆమె చెప్పారు. చట్టము తల్లిని భర్తమీద ఆధారపడిన మనిషిగా చూస్తే, ఆ బిడ్డలూ రేపు ఆమెను అలాగే చూస్తారన్నదే ఆమె బాధ. ప్రభుత్వము వెనుకకు తగ్గి, ఆ విషయములో సభ్యులు తమ మనస్సు చొప్పున ఓటు వేయవచ్చునని వదలిపెట్టింది. బిల్లు దిద్దబడింది, డబ్బు తల్లిదైంది. 1945 జూన్ 15న చట్టమైంది.

సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు ఉన్నారు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. కుమారులు లేని తమ తండ్రి భాగము తమకు కావాలని ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్ద, మోషే ఎదుట, యాజకుని ఎదుట, సమాజమంతటి ఎదుట నిలిచి అడిగారు. దేవుడు వారి పక్షమున తీర్పు ఇచ్చాడు. మనము ప్రసంగములలో ఆ అధ్యాయమును ఎంత అరుదుగా తీస్తామో పాస్టర్లమైన మాకే తెలుసు.

ఈమెకు మన దేశముతోనూ సంబంధము ఉన్నది, అది అంత సాఫీగా సాగలేదు. 1932లో ఇక్కడకు వచ్చి చూచారు. బాల్యవివాహములను ఆపే శారదా చట్టము కాగితముమీదే ఉన్నదని తమ పార్లమెంటులో అడిగారు, 1934లో పుస్తకమూ వ్రాశారు. భారత స్త్రీలకు ఓటు హక్కు పెరగాలనీ వాదించారు. అయితే 1929లోనే లండనులో జరిగిన ఒక సభలో ధన్వంతి రామారావు గారు లేచి, మా సంగతి దిద్దుకొనుటకు మా దేశపు స్త్రీలు ఉన్నారు అనే భావముతో అభ్యంతరము చెప్పారు. 1941లో భారత నాయకులను నిందిస్తూ రాత్‌బోన్ గారు బహిరంగ లేఖ వ్రాయగా, మంచముమీద ఉన్న రవీంద్రనాథ్ ఠాగూరు ఘాటుగా జవాబిచ్చారు. ఇంతకాలపు మీ పాలనలో మా ప్రజలకు దక్కిన తిండి ఎంత, నీళ్లు ఎన్ని, చదువు ఎంత అని. ఠాగూరు గారిదే న్యాయమని మా తలంపు. లివర్‌పూల్ సందులలో పేదరికపు మూలమును అంత నిదానముగా వెదకిన కన్ను, తన దేశము మన దేశములో చేసిన దానిని చూడలేకపోయింది.

ఆమె 1946 జనవరి 2న మరణించారు. మొదటి అయిదు షిల్లింగులు తపాలా కార్యాలయములలో తల్లులకు ఇచ్చినది అదే సంవత్సరము ఆగస్టు 6న. ఆ తరువాత 1977 నుండి 1979 లోపల మొదటి బిడ్డకు కూడా వర్తించేటట్లు దానిని మార్చారు.

ఇప్పుడు మన ఇండ్ల సంగతికి వద్దాము. 2013 నాటి ఆహార భద్రతా చట్టము, రేషను కార్డు విషయములో ఇంటిలోని పెద్ద వయస్సు స్త్రీనే కుటుంబ పెద్దగా చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన అమ్మ ఒడి డబ్బు తల్లి ఖాతాలోనే వేశారు. 2025లో వచ్చిన తల్లికి వందనం డబ్బు కూడా అంతే, బడికి వెళ్లే ప్రతి బిడ్డకు లెక్కగట్టి. రెండూ వేర్వేరు పార్టీల ప్రభుత్వములు. ఏ పార్టీ మంచిదో చెప్పుట ఈ పత్రిక పని కాదు. అయితే డబ్బు తల్లి పేరున రావాలి అన్న చోట ఇద్దరూ ఒకే మాటమీద ఉన్నారు.

ఖాతా తల్లిది. ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉన్నది? బ్యాంకు సందేశము ఎవరి ఫోనుకు వస్తున్నది? వేలిముద్ర వేసి తెచ్చిన నోట్లు ఇంటికి వచ్చేలోపు ఎవరు లెక్కపెట్టుకుంటున్నారు? గృహ దర్శనములకు వెళ్లినప్పుడు ఈ ప్రశ్న అడిగితే అక్కలు తల వంచుకుంటారు, అన్నలు మాట మారుస్తారు. సంఘ పెద్దల ఇండ్లూ ఇందుకు మినహాయింపు కాదు. ఇంగ్లండు పార్లమెంటు 1945లో తీర్చిన తగవు మన ఇండ్లలో ఇంకా గడప దగ్గరే ఉన్నది.

ఇంకొకటి. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, తండ్రి విల్లు వ్రాయకుండ చనిపోతే కుమార్తెకూ కుమారునితో సమానమైన భాగము ఉన్నది. ఇది తెలియని కుటుంబములు మన సంఘములలో చాల ఉన్నాయి. తెలిసినా చెప్పని కుటుంబములూ ఉన్నాయి.

మా పాస్టరేటులో ఈ నెల స్త్రీల మైత్రి కూడికకు సంఖ్యాకాండము 27వ అధ్యాయము తీసుకున్నాము. వచ్చే తల్లులందరినీ తమ బ్యాంకు పాసుబుక్కు వెంట తెచ్చుకొమ్మని చెప్పాము. చదువు రానివారికి అందులో ఎంత వచ్చినదో, ఎంత తీసినదో యౌవనస్థుల కూడికలోని ఆడపిల్లలు చదివి చెబుతారు. ఆ పూట బిడ్డలను ఇంటిదగ్గర చూచుకొనుటకు పురుషులు ఒప్పుకున్నారు, కొందరు కొంచెము గొణిగి.