తనిఖీల మీద బాంబులా?

2025 జూన్ 12న వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) పాలకమండలి, ఇరాన్ తన అణు తనిఖీల ఒప్పంద బాధ్యతలను ఉల్లంఘించిందని తీర్మానించింది. తెల్లారేసరికి ఇజ్రాయెల్ విమానాలు ఇరాన్‌పై విరుచుకుపడ్డాయి. జూన్ 22న ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్‌లపై అమెరికా బాంబులు కురిపించింది. మూడూ ఐఏఈఏ పర్యవేక్షణలో ఉన్న కేంద్రాలే. జులై మొదటి వారంలో తనిఖీదారులు ఇరాన్ విడిచి వెళ్లిపోయారు. దాడులకు ముందు ఆ దేశం దగ్గర 60 శాతం శుద్ధి చేసిన యురేనియం 440 కిలోలకు పైగా ఉందని ఐఏఈఏ లెక్క. మరికొంత శుద్ధి చేస్తే సుమారు పది బాంబులకు సరిపోయే సరుకది. ఆ తరవాత నెలల తరబడి దాన్ని ఏ తనిఖీదారూ కళ్లారా చూడలేకపోయారు. కచ్చితంగా తెలిసిన లెక్క కాస్తా అనుమానంగా మారింది. అణుముప్పు తొలగిస్తామంటూ చేసిన దాడులు సాధించింది ఇదేనా?

ఇరాన్‌ను వెనకేసుకు రావలసిన పనిలేదు. సాధారణ విద్యుత్ రియాక్టర్లకు 5 శాతం లోపు శుద్ధి చాలు. 60 శాతం ఎందుకో ఆ దేశం నమ్మదగిన కారణం చెప్పలేదు. 2022లో ఐఏఈఏ కెమెరాలనూ తీసేయించింది. కానీ అమెరికా తదితర దేశాలతో 2015లో కుదిరిన అణు ఒప్పందంతో శుద్ధిని 3.67 శాతానికి, నిల్వను 300 కిలోలకు కట్టడి చేసుకున్నదీ ఈ ఇరానే. షరతులు పాటిస్తోందని ఐఏఈఏ పదేపదే ధ్రువీకరించినా, 2018 మేలో అమెరికా ఆ ఒప్పందాన్ని కాలదన్నింది. 60 శాతం శుద్ధి మొదలైంది ఆ తరవాతే, 2021లో.

ఇరాక్ అనుభవం ఇంకా చేదు. అణ్వస్త్ర కార్యక్రమాన్ని ఇరాక్ పునరుద్ధరించిన ఆధారాలేవీ లేవని 2003 మార్చి 7న ఐఏఈఏ అధిపతి ఎల్‌బరాదీ భద్రతామండలికి నివేదించారు. రెండు వారాలు తిరక్కుండానే అమెరికా యుద్ధానికి దిగింది. దేశమంతా గాలించినా అలాంటి కార్యక్రమం జాడ దొరకలేదు. తనిఖీలకు లోపాలు లేవని కాదు. అదే ఇరాక్‌లో తనిఖీదారుల కన్నుగప్పి సాగిన రహస్య కార్యక్రమం 1991లో బయటపడింది. ఆ లోపాన్ని సరిదిద్దింది 1997 నాటి అదనపు ప్రోటోకాల్. దాన్ని అమల్లోకి తెచ్చిన దేశాల్లో, ప్రకటించని చోట్లకూ వెళ్లి చూసే అధికారం తనిఖీదారులకు దక్కింది.

ఈ విషయంలో భారత్ మౌనంగా ఉండటం తగదు. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ)పై సంతకం చేయకపోయినా, ఐఏఈఏతో 2009లో కుదుర్చుకున్న ఒప్పందం కింద మన పౌర అణుకేంద్రాలు, హైదరాబాద్ అణు ఇంధన సముదాయం (ఎన్‌ఎఫ్‌సీ)లోని కొన్ని విభాగాలతో సహా, ఐఏఈఏ తనిఖీలకు లోబడి ఉన్నాయి. పరస్పరం అణుకేంద్రాలపై దాడి చేయరాదని పాకిస్థాన్‌తో 1988లోనే ఒప్పందం చేసుకున్నాం. 1992 నుంచి ఏటా జనవరి 1న ఇరుదేశాలూ తమ అణుకేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం సైతం ఆ ఆనవాయితీని ఆపలేదు. బద్ధ వైరుల మధ్యే నిలిచిన ఈ నియమం ప్రపంచానికి ఎందుకు పనికిరాదు? ఐఏఈఏ పర్యవేక్షణలోని ఏ కేంద్రంపైనా ఏ దేశమూ దాడి చేయరాదన్న అంతర్జాతీయ ఒప్పందాన్ని భారత్ వియన్నాలో ప్రతిపాదించాలి. ఇరాన్‌తో, ఇజ్రాయెల్‌తో, అమెరికాతో ఏకకాలంలో మాట్లాడగల భారత్ వంటి దేశాలు ఎన్నో లేవు. తనిఖీదారులకు తలుపులు తెరిచి, 440 కిలోల యురేనియానికీ కిలోతో సహా లెక్క అప్పజెప్పాలని ఇరాన్‌నూ అంతే గట్టిగా నిలదీయాలి.